ముట్లు ఆగిన తరువాత హార్మోను మందు: వాడాలా, వద్దా?

భార్యాభర్తలకు ఒక మాట

కుటుంబ నియంత్రణ అనగానే మనకు లూపు, నిరోధ్, బిళ్ళలు, ఆపరేషను గుర్తుకు వస్తాయి. ఎంతమంది పిల్లలు కావాలి, ఎప్పుడు కావాలి అన్నది మీరిద్దరూ కూర్చుని నిర్ణయించుకున్నారు. మంచిది. కాని సంసారం అక్కడితో అయిపోదు గదా! పిల్లలు ఎదిగి పెళ్ళీడుకు వచ్చే రోజులకు తల్లికి ముట్లు తప్పడం మొదలవుతుంది. ఉన్నట్టుండి ఒంట్లోనుంచి సెగలు కమ్ముకొస్తాయి. మెడా, ముఖమూ చెమటలు పడతాయి. రాత్రి నిద్ర పట్టదు. ఊరికే చిరాకు, ఊరికే దుఃఖం. "వయసు మళ్ళుతోంది, ఏం చేస్తాంలే" అని చాలామంది ఓర్చుకుంటారు. కొందరు పక్కింటామె వాడిన బిళ్ళ తెచ్చుకుని మింగుతారు. మరికొందరు "ఆ హార్మోను మందు వాడితే క్యాన్సరు వస్తుందట" అని భయపడి, డాక్టరు రాసిచ్చిన చీటీని మడిచి పెట్టెలో పడేస్తారు.

మౌలాలి బస్తీలోనైనా, మీ ఊళ్ళోనైనా ఆడవారు అడిగే ప్రశ్న ఒకటే: "ఈ మందు మంచిదా, చెడ్డదా?" దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. ఒకరికి తప్పనిసరిగా కావలసిన మందు మరొకరికి అక్కరే ఉండదు. ఇంకొకరికి అది ప్రమాదం కూడా. మీరు ఏ కోవకు చెందుతారో తెలుసుకోవడానికి ఈ నాలుగు పేజీలు చదవండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.

ముట్లు ఎందుకు ఆగుతాయి?

ఆడవారి పొత్తికడుపులో గర్భసంచికి రెండు పక్కలా బాదంకాయంత అండాశయాలు రెండు ఉంటాయి. నెలనెలా అండం విడుదల చేయడమే కాక, ఇవి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అనే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. వీటినే హార్మోనులు అంటారు. ఈస్ట్రోజెన్ పని ఒక్క గర్భసంచికే పరిమితం కాదు. ఎముకలను గట్టిగా ఉంచడంలో, ఒంటి వేడిని అదుపులో ఉంచడంలో, యోనిమార్గాన్ని తేమగా ఉంచడంలో దానికి పాత్ర ఉన్నది. వయసుతోపాటు అండాశయాలు అలసిపోతాయి. ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది. ముట్లు తప్పుతూ తప్పుతూ చివరకు ఆగిపోతాయి. వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే ఇక ఆగినట్లే. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళకు జరుగుతుంది.

ఇది జబ్బు కాదు. కొందరికి ఏ బాధా లేకుండానే గడిచిపోతుంది. కొందరికి సెగలూ చెమటలూ ఏళ్ళ తరబడి ఉంటాయి. ముట్లు ఆగినంత మాత్రాన ప్రతివారికీ మందు అవసరం లేదు. ఇది మొదట గుర్తుంచుకోండి.

రెండు ఆపరేషన్లు, రెండు సంగతులు

"నాకు ఆపరేషనయింది" అని మన ఆడవారు చెబుతారు. ఏ ఆపరేషను? ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు.

కుటుంబ నియంత్రణ ఆపరేషనులో అండం వచ్చే గొట్టాలను మాత్రమే కట్టి కత్తిరిస్తారు. గర్భసంచి ఉన్నచోటనే ఉంటుంది. అండాశయాలు ఎప్పటిలాగానే పనిచేస్తాయి. హార్మోనులు తగ్గవు, ముట్లు ఆగవు. ఈ ఆపరేషను వలన ముసలితనం ముందుగా వస్తుందన్న మాట నిజం కాదు.

గర్భసంచి తీసివేసే ఆపరేషను వేరు. గర్భసంచి తీసేస్తే ముట్లు ఆనాటితోనే ఆగిపోతాయి. దానితోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే హార్మోనులు కూడా ఒక్కసారిగా ఆగిపోతాయి. మామూలుగా కొన్నేళ్ళు పట్టే మార్పు కొద్ది రోజుల్లో వచ్చి పడుతుంది కాబట్టి సెగలు, నిద్రలేమి తీవ్రంగా ఉంటాయి. అండాశయాలు ఉంచినా, అవి కొంత ముందుగా అలసిపోయే అవకాశం ఉన్నది.

ఈ సంగతి మన తెలుగువారికి మరీ ముఖ్యం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసివేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 8 మందికి పైగా! దేశం లెక్కకు ఇది రెండింతలకు మించి ఉన్నది. అంతకు ముందు 2015–16 సర్వేలో, దేశంలో ఈ ఆపరేషను అయిన ఆడవారిలో సగం మందికి 35 ఏళ్ళు నిండకముందే అయిందని తేలింది. 35 ఏళ్ళంటే ఏం వయసు? బిడ్డలు బడికి పోయే వయసు, చేనులో రెక్కాడించే వయసు.

కాబట్టి ముందుగా ఒక పని చేయండి. గర్భసంచి ఆపరేషను అయినవారు ఆసుపత్రిలో ఇచ్చిన డిశ్చార్జి కాగితం వెతికి తీయండి. అండాశయాలు తీశారా, ఉంచారా? ఒకటి తీశారా, రెండూ తీశారా? కాగితం అర్థం కాకపోతే ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చూపించండి. హార్మోను మందు విషయంలో మొదటి ప్రశ్న ఇదే.

హార్మోను మందు అంటే ఏమిటి?

ఒంట్లో తగ్గిపోయిన ఈస్ట్రోజెన్‌ను బయటినుంచి కొద్ది మోతాదులో ఇవ్వడమే ఈ చికిత్స. బిళ్ళలుగా, చర్మానికి రాసుకునే జెల్‌గా, అతికించుకునే పట్టీగా దొరుకుతుంది.

గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వకూడదు. ఇస్తే గర్భసంచి లోపలి పొర మందమై, క్యాన్సరుకు దారితీయవచ్చు. అందుకని దానితోపాటు ప్రొజెస్టిరోన్ రకపు మందు కూడా ఇస్తారు. గర్భసంచి లేనివారికి మామూలుగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. చూశారా, ఇద్దరికీ మందు ఒకటి కాదు. పక్కింటామె బిళ్ళ మీరెందుకు వేసుకోకూడదో ఇప్పుడు తెలిసింది గదా! ఇంట్లో మిగిలిపోయిన మాల-ఎన్ బిళ్ళలు కూడా దీనికి బదులు కావు. అవి పిల్లలు కలగకుండా వాడేవి, మోతాదు వేరు.

సెగలకూ చెమటలకూ ఇంతకంటే బాగా పనిచేసే మందు లేదు. వాడినవారిలో సెగలు వచ్చే సార్లు సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గుతాయి. ఎముకలు పలచబడడం కూడా నెమ్మదిస్తుంది. అంతేగాని ఇది యవ్వనాన్ని తిరిగి తెచ్చే మందు కాదు. ముడతలు పోవడానికో, గుండెజబ్బు రాకుండానో దీనిని వాడకూడదు.

భయం ఎక్కడినుంచి వచ్చింది?

అమెరికాలో 50 నుంచి 79 ఏళ్ళ లోపు ఆడవారు 16,608 మంది మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. అందరూ గర్భసంచి ఉన్నవారే. సగం మందికి రెండు హార్మోనుల బిళ్ళ ఇచ్చారు. మిగతా సగానికి మందు లేని ఉత్తి బిళ్ళ ఇచ్చారు. లాభం కంటే నష్టం ఎక్కువగా కనబడడంతో 2002 జూలైలో దానిని మధ్యలోనే ఆపారు. ఆ వార్త ప్రపంచమంతా పాకింది. లక్షలాది ఆడవారు మందు మానేశారు.

ఆ నష్టం ఎంత? లెక్క చూడండి. పదివేల మంది ఆడవారిని ఒక ఏడాది పాటు గమనిస్తే:

రొమ్ము క్యాన్సరు మందు వాడనివారిలో 30 మందికి వచ్చింది, వాడినవారిలో 38 మందికి.
పక్షవాతం వాడనివారిలో 21 మందికి వచ్చింది, వాడినవారిలో 29 మందికి.
తుంటి ఎముక విరగడం వాడనివారిలో 15 మందికి జరిగింది, వాడినవారిలో 10 మందికే.

కాళ్ళలోనూ ఊపిరితిత్తులలోనూ రక్తం గడ్డకట్టడం కూడా మందు వాడినవారిలో పెరిగింది. అంటే ప్రమాదం ఉన్న మాట నిజమే. కాని వాడిన ప్రతివారికీ క్యాన్సరు వస్తుందన్నది నిజం కాదు.

మరొక ముఖ్యమైన సంగతి. ఆ పరిశోధనలో పాల్గొన్నవారి సగటు వయసు 63. చాలామందికి ముట్లు ఆగి ఏళ్ళు గడిచిపోయినవి. తరువాత వయసుల వారీగా లెక్కలు విడదీసి చూస్తే, 60 ఏళ్ళలోపు, ముట్లు ఆగిన 10 ఏళ్ళలోపు మొదలుపెట్టినవారికి ప్రమాదం చాలా తక్కువని తేలింది. గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారిలో రొమ్ము క్యాన్సరు పెరగలేదు. వారికి పక్షవాతం ముప్పు మాత్రం కొంత పెరిగింది. రెండు హార్మోనులు కలిపి వాడేవారికి, వాడిన ఏళ్ళు పెరిగేకొద్దీ రొమ్ము క్యాన్సరు ముప్పు కొద్దికొద్దిగా పెరుగుతుంది.

ముగ్గురు తల్లులను తీసుకుందాం

ఒక తల్లికి 36 ఏళ్ళు. గర్భసంచి, రెండు అండాశయాలు తీసేశారు. ఒంటికి మరో పదేళ్ళకు పైగా అందవలసిన హార్మోను ఆనాడే ఆగిపోయింది. ఈమె మందు లేకుండా ఊరుకుంటే ఎముకలు త్వరగా పలచబడతాయి. గుండెజబ్బు ముప్పు కూడా పెరుగుతుంది. వద్దనడానికి వేరే కారణం లేకపోతే, ఇటువంటివారు మామూలుగా ముట్లు ఆగే వయసు వరకు, అంటే సుమారు 50 ఏళ్ళ దాకా హార్మోను వాడడం మంచిదని డాక్టర్లు చెబుతారు. 63 ఏళ్ళవారి మీద తేలిన లెక్క ఈమెకు వర్తించదు. ఈమె అదనంగా ఏమీ తీసుకోవడం లేదు. పోయినదానిని నింపుకుంటున్నది. ఆపరేషను లేకుండానే 40 ఏళ్ళలోపు ముట్లు ఆగినవారికి కూడా ఇదే మాట.

రెండవ తల్లికి 49 ఏళ్ళు. ముట్లు వాటంతటవే ఆగి ఏడాదిన్నర. రాత్రి నాలుగైదుసార్లు చెమటలతో లేస్తుంది, పగలు పనిచేయలేకపోతోంది. వేరే జబ్బులు లేవు. ఈమె మందు వాడవచ్చు, మానవచ్చు. బాధ ఎంత, దానిని తగ్గించుకోవడానికి ఆ కొద్దిపాటి ముప్పుకు సిద్ధమా అన్నది ఆమె తేల్చుకోవలసిన విషయం. వాడితే, పనిచేసే తక్కువ మోతాదు వాడాలి. ఏడాదికొకసారి డాక్టరును కలిసి, ఇంకా అవసరమా అని చూసుకోవాలి.

మూడవ తల్లికి 64 ఏళ్ళు. ముట్లు ఆగి పదిహేనేళ్ళు. మోకాళ్ళు నొస్తున్నాయి, మౌలాలి గుట్ట మెట్లు ఎక్కలేకపోతున్నది. "హార్మోను వాడితే సత్తువ వస్తుందట" అని ఎవరో చెప్పారు. ఈమె ఈ వయసులో కొత్తగా మొదలుపెట్టకూడదు. లాభం కంటే ముప్పే ఎక్కువ. మోకాలి నొప్పికి వేరే వైద్యం ఉన్నది.

ఎవరు వాడకూడదు?

రొమ్ము క్యాన్సరు గాని, గర్భసంచి క్యాన్సరు గాని ఉన్నవారు, వచ్చి నయమైనవారు. గుండెపోటు లేక పక్షవాతం వచ్చినవారు. కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినవారు. కాలేయపు జబ్బు ఉన్నవారు. కారణం తెలియకుండా రక్తస్రావం అవుతున్నవారు ఈ మందు తమంతట తాము ముట్టుకోకూడదు. రక్తపోటు ఎక్కువగా ఉంటే ముందు దానిని అదుపులోకి తేవాలి. ఇంట్లో తల్లికో అక్కచెల్లెళ్ళకో రొమ్ము క్యాన్సరు వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి బిళ్ళకంటే చర్మానికి రాసే మందు మేలు.

మందు వాడినా, వాడకపోయినా ఒక హెచ్చరిక: ఏడాదిపాటు ఆగిన ముట్టు మళ్ళీ కనిపించిందంటే, ఒక్క చుక్కైనా సరే, "తిరిగి ముట్టయ్యాను" అని ఊరుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి.

హార్మోను లేకుండా ఏం చేయవచ్చు?

పలుచని నూలుబట్టలు కట్టండి. గాలి తగిలేచోట పడుకోండి. రాత్రిపూట కారాలు, టీలు తగ్గించండి. పొగాకు, చుట్ట, గుట్కా మానండి. హార్మోను పడనివారికి సెగలు తగ్గించే వేరే రకం బిళ్ళలు కూడా ఉన్నాయి. డాక్టరును అడగండి.

యోనిమార్గం పొడిబారి కలయికలో నొప్పి కలిగితే, మూత్రంలో మంట ఉంటే, దానికోసం ఒంటికంతటికీ హార్మోను అక్కరలేదు. ఆ చోట మాత్రమే రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఉన్నది. అది రక్తంలో కలిసేది బహు స్వల్పం. ఈ బాధ చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. నర్సమ్మతో చెప్పవచ్చు.

ఎముకల సంగతి తిండితోనూ ముడిపడి ఉన్నది. మౌలాలికి దగ్గరలోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఆ సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు హైదరాబాదు పేద కుటుంబాల ఆడవారి ఎముకలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. ధనిక దేశాల ఆడవారితో పోలిస్తే మనవారి ఎముకల గట్టిదనం బాగా తక్కువని తేలింది. అందరికీ వడ్డించి, మిగిలింది తినే తల్లి ఎముకలలో మొదటినుంచే నిలువ తక్కువ. ముట్లు ఆగాక అదీ కరిగిపోతుంది.

ముట్లు ఆగిన ఆడవారికి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని ఆ సంస్థ 2020లో సూచించింది. వంద గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాములు, పెద్ద గ్లాసు పాలలో సుమారు 300 ఉంటాయి. రాగిసంకటి, పెరుగు, మజ్జిగ, నువ్వుల పొడి, ఆకుకూర రోజూ ఉండాలి. కాసేపు ఎండ తగలాలి, నడవాలి.

ముట్లు తప్పాయని కుటుంబ నియంత్రణ మానకండి

ముట్లు తప్పుతున్న రోజుల్లో కూడా గర్భం రావచ్చు. 50 ఏళ్ళలోపు ముట్లు ఆగితే మరో రెండేళ్ళు, 50 దాటాక ఆగితే మరో ఏడాది జాగ్రత్త పడాలి. సెగలకు వాడే హార్మోను మందు గర్భాన్ని ఆపదు. ఆపరేషను చేయించుకోనివారు నిరోధ్ గాని, లూపు గాని కొనసాగించాలి. ముట్లు పూర్తిగా ఆగాక లూపు తీయించుకోవడం మరువకండి.

ఆపరేషనుకు ఒప్పుకునే ముందు

తెల్లబట్ట అవుతున్నదనో, నడుము నొస్తున్నదనో గర్భసంచి తీయించుకోనక్కరలేదు. చాలావరకు వీటికి మందులు ఉన్నాయి. "ఉంచితే క్యాన్సరు వస్తుంది" అని ఎవరైనా భయపెడితే, ముందు పరీక్ష చేయించండి, ఇంకొక డాక్టరును అడగండి. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నిజంగా తీయవలసి వస్తే, అండాశయాలు తీస్తారా, ఎందుకు తీస్తారు అని సంతకం పెట్టకముందే అడగండి. అది మీ హక్కు.

ఇంటాయనకు ఒక మాట

అయ్యా, మీ ఆవిడ విసుక్కుంటే "మెనోపాజ్ పిచ్చి" అని నవ్వకండి. ఆరు నెలలు సరిగా నిద్రలేకపోతే మీరెలా ఉంటారో ఆలోచించండి. దవాఖానాకు వెంట వెళ్ళండి. డాక్టరు చెప్పింది ఇద్దరూ వినండి. మందు నెలకు ఎంతవుతుంది, ఎన్నేళ్ళు కొనగలం అని ముందే లెక్క వేసుకోండి. మధ్యమధ్యలో మానేసే మందుకు ఫలితం ఉండదు. అయితే వాడాలా వద్దా అన్న చివరి మాట మాత్రం ఆమెదే. ఒళ్ళు ఆమెది.

ఎక్కడ అడగాలి?

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' పేరుతో ఆడవారికి ప్రత్యేక వైద్యం మొదలుపెట్టింది. మంగళవారాలలో నడిపిన ఆ క్లినిక్కులలో ముట్లు ఆగే వయసు బాధలను కూడా చేర్చింది. మీ కేంద్రంలో ఆడవారి పరీక్షలు ఏ రోజున చేస్తారో మీ ఆశా కార్యకర్తనో, నర్సమ్మనో అడగండి. మందుల దుకాణంలో చెప్పి కొనుక్కోకండి. ముందు రక్తపోటు, చక్కెర, రొమ్ము పరీక్షలు చేయించండి.

వెళ్ళేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి:

1. ముట్లు ఏ వయసులో ఆగాయి? వాటంతటవే ఆగాయా, ఆపరేషను వలన ఆగాయా?
2. గర్భసంచి, అండాశయాలు ఉన్నాయా? డిశ్చార్జి కాగితం ఉన్నదా?
3. ఇదివరకు ఏ జబ్బులు వచ్చాయి? ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సరు ఉన్నదా?
4. ఏ బాధ, ఎంత బాధ? నిద్రకూ పనికీ అడ్డం వస్తున్నదా?

ఈ నాలుగూ చెబితే డాక్టరుకు సగం దారి తెలిసినట్లే. మిగిలిన సగం మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి. పిల్లల సంగతి కలిసి ఆలోచించిన మీకు, ఇదీ కలిసి ఆలోచించడం కష్టం కాదు.